బరువు తగ్గింది, మరి ఈ దిగులేంటి?

అప్పుఘర్ ఆంటీ (మంగళవారం, రాత్రి 11:20)

ఇంట్లో చెప్తే తిక్క అనుకుంటారని ఇక్కడ రాస్తున్నా. నాకు 49. ఎత్తు 158 సెంటీమీటర్లు. రెండేళ్ల రెండు నెలల క్రితం 84 కిలోలు, ఇప్పుడు 56న్నర. పోయిన నెల డాక్టరుగారు కాగితం మీద బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు లెక్క) 22.6 అని రాసి, దాని కింద గీత గీసి, "ఇంక తగ్గక్కర్లేదమ్మా, ఇక్కడ ఆగండి" అన్నారు. ఆ రోజు ఇంటికొచ్చి స్వీటు పంచాలి కదా. బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను. ఎందుకో తెలీదు.

సరే, అసలు సంగతి మొన్నటి సింహాచలం గిరి ప్రదక్షిణది. మా ఇల్లు ఆ దారి పక్క సందులోనే. ఏటా మా అపార్ట్‌మెంట్ వాళ్లం రోడ్డు మీద టేబుల్ వేసి నడిచేవాళ్లకి మజ్జిగ ఇస్తాం. గిన్నె దగ్గర నిలబడేది నేనే. 32 కిలోమీటర్లు నడవడం నావల్ల అయ్యే పని కాదు, మజ్జిగ పోయడం అవుతుంది కాబట్టి. అల్లం దంచడం, నిమ్మకాయలు పిండడం, ఉప్పు చూడడం అన్నీ నా చేతి మీదే. ఈ ఏడు మొదటిసారి నడిచాను. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, అడవివరం, హనుమంతవాక మీదుగా మా వీధి మొగ దగ్గరికి వచ్చేసరికి చీకటి పడింది, సన్న జల్లు. మా టేబుల్ దగ్గరే ఆగాను. గ్లాసు ఇచ్చింది మూడో ఫ్లోర్‌లోకి ఈమధ్యే దిగిన అమ్మాయి. ఆ పిల్ల నన్ను ఈ ఆకారంలో తప్ప చూడలేదు. నా వెనకాల ఒక పెద్దావిడ గ్లాసు అందుకుంటూ అడిగింది: "ఇక్కడ ఏటా లావుగా ఒకమ్మ ఉండేదమ్మా, నవ్వుతా పోసేది, రెండో గ్లాసు అడక్కుండానే పోసేది. ఈ ఏడు లేదేటి? బాగుందా?"

నేను ఆవిడకి మూరెడు దూరంలో ఉన్నాను. ఆ అమ్మాయికేం తెలుసు, "ఏమోనండీ" అంది. "నేనేనమ్మా" అనడానికి నాకు నోరు రాలేదు. గ్లాసు అక్కడ పెట్టి నడిచేశాను. వెంకోజీపాలెం దాకా ముఖం తుడుచుకుంటూనే ఉన్నా, వాన కాబట్టి ఎవరికీ తెలీలేదు.

అందరూ మెచ్చుకుంటున్నారు, కాదనను. కానీ ఆ మెచ్చుకోడం ఎలా ఉంటుందంటే, మా ఆడపడుచు "అప్పుడు ఎలా ఉండేదానివి వదినా, చూస్తే భయమేసేది" అంటుంది. ఆ భయమేసే మనిషే వాళ్లబ్బాయిని ఇంజినీరింగ్ నాలుగేళ్లూ ఇంట్లో పెట్టుకుని రెండు పూటలా వండిపెట్టింది. ఎవరో నా ముందే ఆవిణ్ని తిడుతున్నట్టుంటుంది, నేనేమో నవ్వి థాంక్స్ చెప్పి వస్తున్నాను. ఇలా ఇంకెవరికైనా అయిందా?

గాజువాక గుంటడు (మంగళవారం, రాత్రి 11:41)

అక్కా ముందు కంగ్రాట్స్, 27 కిలోలంటే మా ఇంటి గ్యాస్ బండ, నిండుగా ఉన్నది కాకపోయినా కాస్త వాడినది. ఊరికే మోసుకు తిరిగారు ఇన్నాళ్లూ.

నేను 41, తగ్గింది 11 కిలోలే. మా చేపలమ్మ చూసి "ఏటి బాబూ సిక్కిపోనావు, ఇంట్లో ఏటైనా కష్టమా" అని కోనాం ముక్క ఒకటి ఎక్కువ వేసింది. ఆఫీసులో ముగ్గురు "షుగరా" అని అడిగారు, ఒకడు చెవిలో "ఏదైనా రిపోర్టు వచ్చిందా" అన్నాడు. మనూళ్లో మనిషి సన్నబడితే కారణం షుగరో అప్పో అయి ఉండాలి, మంచి జరిగి తగ్గాడంటే ఎవడూ నమ్మడు.

ఎంవీపీ డబుల్ రోడ్ (బుధవారం, పొద్దున్న 6:05)

మేడమ్ డైట్ ప్లాన్ పెట్టగలరా ప్లీజ్. పొద్దున్న ఏం తిన్నారు, రాత్రి ఏం తిన్నారు.

ఉక్కునగరం రిటైర్డ్ (బుధవారం, పొద్దున్న 6:50)

అమ్మా, మీరు రాసింది చదివి మా ఆవిడకి కూడా చదివి వినిపించాను. నాకు 63. ప్లాంటులో ఉన్నన్నాళ్లూ ఏ, బీ, సీ షిఫ్టుల మధ్య ఎప్పుడు తిన్నానో ఎప్పుడు పడుకున్నానో లెక్క లేదు, సీ షిఫ్ట్ దిగాక పొద్దున్నే పూరీలు తిని కర్టెన్లు వేసుకుని పడుకునేవాణ్ని. రిటైరయ్యాక 89 నుంచి 74కి వచ్చాను.

దిగులు గురించి నాకు చెప్పడం రాదు. జరిగింది చెప్తాను. బరువు తగ్గింది గానీ బీపీ మాత్ర అదే డోసు వేసుకుంటూ వచ్చాను, ఎవరూ తగ్గించమనలేదు, నేనూ అడగలేదు. రైతు బజారులో ఆనపకాయ ఎంచుకోడానికి వంగి లేచాను, కళ్లు బైర్లు కమ్మి ఉల్లిపాయల గుట్ట మీద పడ్డాను. ఆ ఉల్లిపాయలమ్మాయి నా తల ఒళ్లో పెట్టుకుని నీళ్లు కొట్టింది. బీపీ చూస్తే పైది 96. ఏడాదిగా చూపించుకోలేదు నేను. తగ్గితే మందులు కూడా మళ్లీ చూపించుకోవాలని మా కాలం వాళ్లకి తట్టదు. మీరు ఏమైనా మాత్రలు వేసుకుంటున్నారా?

నైట్ డ్యూటీ (బుధవారం, మధ్యాహ్నం 2:15)

నేను నర్సుని, ఏ ఆసుపత్రో అడక్కండి. అంకుల్ చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. సుమారుగా కిలో తగ్గితే బీపీ ఒక పాయింటు తగ్గుతుందంటారు, 15 కిలోలు తగ్గిన మనిషికి పాత డోసు ఎక్కువైపోవడంలో వింతేముంది. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వేసుకునేవాళ్లకి ఇంకా ప్రమాదం, లో షుగర్‌తో చెమటలు పట్టి కూలబడి వస్తారు మా దగ్గరికి.

ఆంటీగారూ, మీకు థైరాయిడ్ ఉందా? ఊరికే అడగడం లేదు. థైరాక్సిన్ డోసు బరువుని బట్టి ఉంటుంది, గ్రంథి బొత్తిగా పని చెయ్యనివాళ్లకి కిలోకి 1.6 మైక్రోగ్రాముల లెక్కన. 84 కిలోలప్పుడు సరిపోయినది 56కి ఎక్కువ కావచ్చు. ఎక్కువైతే గుండె దడ, నిద్ర పట్టకపోవడం, చిన్న మాటకే ఏడుపు రావడం, జుట్టు ఊడడం ఉంటాయి. చివరిసారి టీఎస్‌హెచ్ ఎప్పుడు చేయించారు?

అందరికీ ఇంకో మాట. ఇంటర్నెట్‌లో బీఎంఐ 25 లోపు ఆరోగ్యం అని చూసి ఆగిపోతారు. మనవాళ్లకి 23 దాటితేనే రిస్కు మొదలని 2004లోనే డబ్ల్యూహెచ్ఓ నిపుణులు ఆసియా వాళ్ల కోసం చెప్పారు, ఎందుకంటే మనకి తక్కువ బరువులోనే పొట్ట చుట్టూ కొవ్వు పేరుకుంటుంది, షుగర్ ముందే వస్తుంది. బరువుతో పాటు నడుం కూడా కొలవండి, ఆడవాళ్లకి 80, మగవాళ్లకి 90 సెంటీమీటర్ల లోపు. ఈ లెక్కన ఆంటీగారు సరిగ్గా ఉండాల్సిన చోటే ఉన్నారు.

అప్పుఘర్ ఆంటీ (బుధవారం, సాయంత్రం 7:30)

థైరాయిడ్ ఉందమ్మా, 2013 నుంచి. 125 మాత్ర. టెస్టు... నిజం చెప్పాలంటే ఏడాదిన్నర దాటింది. బరువు తగ్గుతోంది కదా అన్నీ బాగానే ఉంటాయిలే అనుకున్నా. రాత్రి మూడింటికి మెలకువ వచ్చి మళ్లీ పట్టదు, అది నెలలు ఆగిపోయే వయసు కదా అందుకే అనుకున్నా. రేపు పొద్దున్నే ఇస్తాను రక్తం.

డైట్ ప్లాన్ అడిగిన ఆయనకి: ప్లాన్ లేదు బాబూ. అన్నం కప్పుతో కొలిచాను, రాత్రి ఏడింటికి తినేశాను, రోజూ గుడ్డో ఉలవలో పెసలో ఏదో ఒకటి. పొద్దున్న ఆర్కే బీచ్ వైపు నడక, మొదట్లో సబ్‌మెరైన్ మ్యూజియం దాకా వెళ్లి ఆటోలో తిరిగొచ్చేదాన్ని. అంతే, చెప్పుకోడానికి బోరుగా ఉంటుంది.

నిన్న చెప్పని ఇంకోటి. పెళ్లి ఉంగరం జారిపోతోందని దారం చుట్టాను, ఆ దారం నాని పచ్చగా అయింది, అయినా కంసాలి దగ్గరికి వెళ్లబుద్ధి కావట్లేదు. సైజు తగ్గిస్తే ఒక ముక్క కోసేస్తాడు. ఆ ముక్క ఏమవుతుందో అని నా బెంగ.

బరువుబండి (బుధవారం, రాత్రి 9:12)

ఏమనుకోకండి, మొత్తం చదివాక నాకు ఒళ్లు మండింది. నాకు 43, 97 కిలోలు, పీసీఓడీ, మోకాలు అరిగింది. మెట్లున్న గుడికి వెళ్లి ఆరేళ్లయింది. మీరు పరీక్షలో ఫస్టొచ్చి నంబరు చూసి ఏడుస్తున్నారు, మేం ఓదార్చాలి. తగ్గినవాళ్లకీ బాధే, తగ్గనివాళ్లకీ బాధే అయితే ఇంక ఎందుకండీ ఈ గోల.

గాజువాక గుంటడు (బుధవారం, రాత్రి 9:20)

అక్కా ఆవిడ ఏం తప్పు మాట్లాడింది? అంత కోపం ఎందుకు.

బరువుబండి (బుధవారం, రాత్రి 9:34)

కోపం మీ మీద కాదు తమ్ముడూ. ఇవాళ లిఫ్ట్‌లో ఒకాయన నన్ను చూసి "నేను తర్వాత వస్తాను" అన్నాడు. లిఫ్ట్‌లో ఇద్దరమే ఉన్నాం, ఆరుగురికి అని బోర్డుంది.

రెండోసారి (బుధవారం, రాత్రి 11:58)

నేను తగ్గి, పెరిగి, మళ్లీ తగ్గిన మనిషిని కాబట్టి రెండు పక్షాలూ నావే. 2018లో 22 కిలోలు తగ్గాను. కరోనా టైంలో ఇంట్లో కూచుని 17 తిరిగి వచ్చాయి. అప్పుడు జనం నా ముఖం చూడడం మానేసి పొట్ట చూసి "అయ్యో మళ్లీనా" అనేవాళ్లు. మొదట్నుంచీ లావుగా ఉన్నప్పుడు కూడా అంత సిగ్గు పడలేదు.

తర్వాత చదివి తెలుసుకున్నా. 2011లో మెల్‌బోర్న్ పరిశోధకులు తగ్గినవాళ్లని ఏడాది పాటు గమనిస్తే ఆకలి పుట్టించే హార్మోన్లు అప్పటికీ పాత స్థాయికి రాలేదట, ఒళ్లు ఇంకా "తిను, తిను" అంటూనే ఉందన్నమాట. అది చదివాక నా మీద నాకు కాస్త జాలి కలిగింది, మళ్లీ మొదలెట్టాను. ఇప్పుడు 71. తగ్గిన ఆనందం ఉంది గానీ ప్రతి పెళ్లి భోజనం దగ్గరా కాపలా కుక్కలా ఉంటాను. ఆంటీగారూ, మీరు ఏడ్చిన ఏడుపులో ఈ భయం కూడా ఉందేమో చూసుకోండి. ఆగండి అన్నారు డాక్టరు. ఆగడం ఎలాగో మనకి ఎవరూ చెప్పలేదు కదా. తగ్గుతున్నప్పుడు ప్రతి సోమవారం కాటా ఎక్కితే ఒక ముచ్చట ఉండేది, ఇప్పుడు అదే అంకె, అదే అంకె. ఎవరు చప్పట్లు కొడతారు?

సిరిపురం ఫైలు (గురువారం, రాత్రి 12:40)

నిద్ర పట్టక రాస్తున్నా, ఇక్కడ నా పేరు ఎవరికీ తెలీదు కాబట్టి. 52, ఆఫీసు ఉద్యోగం. 19 కిలోలు తగ్గాను. వారానికోసారి ఇంజెక్షన్, మౌంజారో, 2025లో మన దేశంలోకి వచ్చిన కొన్నాళ్లకే డాక్టరు రాశారు, షుగర్ కూడా ఉంది నాకు. ఆఫీసులో మాత్రం "వాకింగ్" అని చెప్పాను. అదొక అబద్ధం ఆడాక ఇంక ఆపలేకపోయాను. ఇప్పుడు అందరూ నా పట్టుదల గురించి మాట్లాడతారు, మా జీఎం మీటింగులో నన్ను చూపించి "డిసిప్లిన్ అంటే ఇది" అన్నారు. జూనియర్ ఒకడు నన్ను చూసి రోజూ ఐదింటికి లేచి నడుస్తున్నాడు, పాపం వాడికి కిలో కూడా తగ్గలేదు, నన్ను అడుగుతాడు సార్ నేనేం తప్పు చేస్తున్నానని. వాడి ముఖం చూడలేకపోతున్నా.

నైట్ డ్యూటీ (గురువారం, తెల్లవారుజామున 4:10)

సార్, షుగరుకి మాత్ర వేసుకుంటే ఎవరూ సిగ్గుపడరు, ఇదీ అంతే. ఆ జూనియర్‌కి మాత్రం చెప్పెయ్యండి, వాడు పాపం తన ఒంట్లోనే లోపం ఉందనుకుంటాడు. మీరూ వినండి, ఇంజెక్షన్‌తో తగ్గినా నడకతో తగ్గినా పోయేది కొవ్వొక్కటే కాదు. పోయిన బరువులో పావు వంతు దాకా కండ ఉండొచ్చు. 45 దాటాక పోయిన కండ ఊరికే తిరిగి రాదు. పప్పు, గుడ్డు, చేప, పెరుగు సరిగ్గా తినాలి, వారానికి రెండు మూడు సార్లు బరువులెత్తాలి, జిమ్ము లేకపోతే నీళ్ల బాటిళ్లు చాలు. "ముఖం పీక్కుపోయింది, కళ పోయింది" అంటారే, కొంత బుగ్గల్లో కొవ్వు పోయినందుకు, కొంత వయసు చర్మం సాగినది సాగినట్టే ఉండిపోయినందుకు. 25 ఏళ్లప్పుడు తగ్గితే చర్మం చాలావరకు సర్దుకునేది.

మోడరేటర్ (గురువారం, పొద్దున్న 9:00)

చర్చ బాగుంది, ఒక్క మనవి. ఇంజెక్షన్ డోసులు, ఎక్కడ చవగ్గా దొరుకుతుందో ప్రైవేటు మెసేజీల్లో అడుగుతున్నారని తెలిసింది. దయచేసి వద్దు. డాక్టర్ని అడగండి.

మర్రిపాలెం మొగుడు (గురువారం, మధ్యాహ్నం 1:25)

ఇక్కడ తగ్గినవాళ్లే రాస్తున్నారు, పక్కనున్నవాళ్ల సంగతి నేను రాయొచ్చా? తిడితే తిట్టండి.

మా ఆవిడ 46, ఏడాదిన్నరలో 16 కిలోలు తగ్గింది. నాకు గర్వమే. కానీ మాకు ఆదివారం పొద్దున్న ఒక అలవాటుండేది, ఇరవై ఏళ్లుగా. ఆవిడ పెసరట్టు వేస్తుంది, నేను అల్లం పచ్చడి నూరుతాను, పిల్లలు లేచేలోపు వంటగదిలో స్టూళ్ల మీద కూచుని, పెనం మీంచి దిగినది దిగినట్టు చెరి సగం తుంచుకు తినేవాళ్లం. ఉప్మా ఆఖర్న. పోట్లాటలు, ఈఎంఐలు, మా అమ్మ ఆపరేషన్, పిల్ల కాలేజీ, అన్నీ అక్కడే మాట్లాడుకున్నాం. ఇప్పుడు ఆదివారం ఆరింటికల్లా బీచ్ రోడ్డులో ఉంటుంది, వాళ్ల గ్రూపుతో. తొమ్మిదింటికి వచ్చి గుడ్లు ఉడకబెట్టుకుంటుంది. నాకు రెండు అట్లు వేసి పెడుతుంది కూడా, పాపం ఏ లోటూ చెయ్యదు. నేను హాల్లో టీవీ ముందు ఒక్కణ్నే తింటాను. గొంతు దిగదు.

ఎవరితో చెప్పినా "నీకు భార్య బాగుపడడం ఇష్టం లేదు" అంటారని భయం. అందుకని ఎవరితోనూ అనలేదు.

అప్పుఘర్ ఆంటీ (గురువారం, మధ్యాహ్నం 3:02)

ఆవిడతో చెప్పారా?

మర్రిపాలెం మొగుడు (గురువారం, మధ్యాహ్నం 3:10)

లేదండి.

అప్పుఘర్ ఆంటీ (గురువారం, మధ్యాహ్నం 3:40)

చెప్పండి బాబూ. మావారు కూడా ఏదో దాచుకున్నట్టే ఉంటారు, అడిగితే "బాగున్నావు" అంటారు, పాతికేళ్ల కాపురంలో అంత పొడిగా ఎప్పుడూ అనలేదు.

బరువుబండి గారికి నిన్న జవాబు ఇవ్వలేదు, తప్పించుకుందామని కాదు, ఏం చెప్పాలో తెలీలేదు. మీరన్నది నిజమే, నాకు దక్కింది మీకింకా దక్కలేదు, దక్కినదాన్ని పట్టుకుని ఏడవడం మీకు కుళ్లులా అనిపిస్తుంది. నేను 84లో ఉన్నప్పుడు ఇది చదివితే నాకూ మండేది.

బరువుబండి (గురువారం, రాత్రి 10:05)

సారీ చెప్పనక్కర్లేదు. నిన్న నేనూ ఎక్కువ మాట్లాడాను. కానీ ఒకటి అడుగుతా, నిజం చెప్పండి. ఆ లావావిణ్ని అందరూ తిడుతున్నారని మీరు బాధపడుతున్నారు. ఆవిడ ఎక్కడికీ పోలేదండీ, నాలాంటివాళ్లం ఊరంతా ఉన్నాం. మీ ఆడపడుచు "భయమేసేది" అన్నప్పుడు మీరు నవ్వారు కదా, ఆ నవ్వు మాకూ తగులుతుంది. మీరు ఇప్పుడు మాలాంటివాళ్లని ఎలా చూస్తున్నారు? మాతో ఎలా మాట్లాడుతున్నారు?

అప్పుఘర్ ఆంటీ (శుక్రవారం, పొద్దున్న 5:15)

రాత్రంతా ఇదే ఆలోచన. నిజమే చెప్తా.

పది రోజుల క్రితం పెళ్లికెళ్లాను. బంతిలో నా ఎదురుగా ఒకావిడ, నా పాత సైజు. మూడోసారి జిలేబీ వేయించుకుంది. నేను ఆవిడ విస్తరి చూశాను, తర్వాత ఆవిడ చేతులు చూశాను, మనసులో అనుకున్నాను "కాస్త చూసుకోవచ్చు కదా" అని. సరిగ్గా ఆ మాటే. నన్ను 20 ఏళ్లు తిన్న మాట. ఆవిడ తలెత్తి చూసింది, నేను చటుక్కున నవ్వాను, ఆవిడకి అర్థమైపోయింది, జిలేబీ పక్కకి జరిపేసింది. ఆ చూపు ఎలా ఉంటుందో నాకు తెలీదా? తెలుసు. తెలిసీ చూశాను.

ఆ రోజు రాత్రి ఇంటికొచ్చి కూడా ఏడ్చాను, అది మాత్రం నిన్న రాయలేదు.

గాజువాక గుంటడు (శుక్రవారం, పొద్దున్న 7:30)

అక్కా...

కుట్టుమిషన్ (శుక్రవారం, మధ్యాహ్నం 12:48)

మాది కంచరపాలెం మెట్టు. 26 ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నా. ఎవరు ఒళ్లు చేశారో ఎవరు చిక్కారో వాళ్ల ఇంట్లోవాళ్లకన్నా ముందు నా టేపుకి తెలుస్తుంది. మా అమ్మాయి ఈ చర్చ చూపిస్తే రాయాలనిపించింది.

లావైనవాళ్లు వచ్చి గొంతు తగ్గించి "కాస్త వదులు చెయ్యమ్మా" అంటారు. అందుకే ఎవరికి కుట్టినా చంక కింద నుంచి నడుం దాకా రెండు పక్కలా అంగుళంన్నర గుడ్డ లోపల వదిలి మూడు కుట్లు వేస్తాను. ఒకటి విప్పితే ఇంకోటి ఉంటుంది, వాళ్లు నన్ను అడగక్కర్లేదు, ఇంట్లో బ్లేడుతో వాళ్లే విప్పుకోవచ్చు. చిక్కినవాళ్లు మాత్రం పెద్ద గొంతుతో వస్తారు, షాపంతా వినపడేలా "టైట్ చెయ్యి" అని. వాళ్లకి నేను చెప్పేది ఏంటంటే, పక్క కుట్టు రెండంగుళాలు లోపలికి తోస్తే భుజం జారుతుంది, చంకలో గుడ్డ పోగుపడుతుంది, డాట్లు ఉండాల్సిన చోట ఉండవు. 84 కిలోల జాకెట్టుని 56కి బిగించకూడదు తల్లీ, మొత్తం విప్పి మళ్లీ కత్తిరించాలి. పట్టు జాకెట్టయితే ఇంకో తంటా, విప్పిన కుట్టు దగ్గర సూది బెజ్జాలు వరసగా కనపడతాయి. నీళ్లు చల్లి ఇస్త్రీ చేసినా పోవు.

అప్పుఘర్ అమ్మా, నీ దగ్గర ఎన్ని జాకెట్లున్నాయి? అన్నీ ఒకేసారి తేకు. చాలామంది సంబరంలో అన్నీ తెస్తారు, ఏడాది తిరక్కుండా మూడు కిలోలు పెరుగుతారు, అది పెద్ద విషయం కాదు, కానీ కోసేసిన గుడ్డ నేనెక్కడ తేను.

రెండోసారి (శుక్రవారం, మధ్యాహ్నం 1:10)

కుట్టుమిషన్ గారూ నాకు 2018లో మీరు దొరికుంటే 11 జాకెట్లు మిగిలేవి.

మర్రిపాలెం మొగుడు (ఆదివారం, పొద్దున్న 10:30)

చెప్పాను. నిన్న రాత్రి. ఆవిడ చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "మీకు బెంగ పెసరట్టు మీదా నా మీదా?" అంది. తడుముకున్నాను. ఆ తడుముకోడం చూసి నవ్వింది, నవ్విందో ఏడ్చిందో. ఇవాళ కూడా బీచ్‌కి వెళ్లింది. కానీ వెళ్లేముందు పప్పు నానబెట్టిన గిన్నె మీద మూత తీసి నాకు చూపించింది, "తొమ్మిదింటికి వస్తా, పచ్చడి నూరి ఉంచండి" అంది. పది దాటింది. ఇంకా రాలేదు. నేను వంటగదిలోనే కూచుని ఇది రాస్తున్నా.

ఉక్కునగరం రిటైర్డ్ (ఆదివారం, పొద్దున్న 10:41)

ఫోన్ పక్కన పెట్టి పచ్చడి సంగతి చూడవయ్యా.

సిరిపురం ఫైలు (సోమవారం, రాత్రి 8:15)

జూనియర్‌కి చెప్పాను. వాడు "సార్ మీరు ముందే చెప్పుంటే నేను రెండు నెలలు నిద్రపోయేవాణ్ని కదా" అన్నాడు. అక్కడితో అయిపోయింది. జీఎంకి చెప్పే ధైర్యం ఇంకా రాలేదు.

అప్పుఘర్ ఆంటీ (సోమవారం, రాత్రి 9:50)

రిపోర్టు వచ్చింది. టీఎస్‌హెచ్ 0.08, ఉండాల్సినదానికన్నా బాగా తక్కువ, అంటే మాత్ర ఎక్కువైనట్టట. డాక్టరుగారు మాత్ర 125 నుంచి 100కి దించారు, ఆరు వారాల తర్వాత మళ్లీ చూపించమన్నారు. ఆ దడ, ఆ మూడింటి మెలకువ, కొంత ఏడుపు దానివేనట. నర్సమ్మా, నీ చేతికి మొక్కాలి. తగ్గిన కిలోల్లో కూడా ఒకటో రెండో ఆ మాత్ర పుణ్యమే అయి ఉండొచ్చన్నారు, అది విని కాస్త నవ్వొచ్చింది, నా పట్టుదల అనుకున్నా.

మొత్తం మాత్ర మీదకి నెట్టెయ్యలేను గానీ. జిలేబీ ఆవిడ విషయం మాత్ర వల్ల కాదు కదా.

మా ఆడపడుచు నిన్న ఫోన్ చేసింది, ఎవరి ఫోటోనో చూసి "అచ్చం నువ్వు అప్పట్లో ఉన్నట్టే ఉంది, దుక్కలా" అంది. నేను నవ్వలేదు. "ఆ దుక్కే మీ అబ్బాయికి నాలుగేళ్లు కారేజీ కట్టింది వదినా" అన్నాను. అటునుంచి చప్పుడు లేదు. తర్వాత "ఊరికే అన్నాలే" అంది. గుండె కొట్టుకుంది, ఈసారి థైరాయిడ్ వల్ల కాదు. బరువుబండి గారూ, ఇది మీకు చెప్పాలనిపించింది.

మజ్జిగ టేబుల్ సంగతి మా అపార్ట్‌మెంట్ వాళ్లతో మాట్లాడాను. వచ్చే ఏడు నడక పొద్దున్నే మొదలెట్టి మా వీధి దగ్గరికి వెలుగుండగానే వచ్చేసి, ఓ గంట గిన్నె పట్టుకుని, మళ్లీ నడక. కాళ్లు బిగుసుకుపోతాయని మావారి గొడవ. ఆ పెద్దావిడ వస్తే రెండో గ్లాసు అడక్కుండా పోస్తాను. గుర్తుపడితే పడుతుంది.

బరువుబండి (సోమవారం, రాత్రి 10:20)

ఆ గంటా మీ టేబుల్ దగ్గర నిమ్మకాయలు పిండడానికి మనిషి కావాలంటే చెప్పండి. నడవలేను, నిలబడగలను.

అప్పుఘర్ ఆంటీ (సోమవారం, రాత్రి 10:24)

స్టూల్ వేస్తాం, కూచునే పిండండి. నేనూ అలాగే పిండేదాన్ని.

కుట్టుమిషన్ గారూ, నా దగ్గర 31 జాకెట్లున్నాయి. నాలుగు తెస్తా. గృహప్రవేశానికి కుట్టించుకున్న పట్టుది మాత్రం తేను, అది బీరువాలో అలాగే ఉండనివ్వండి. గురువారం రమ్మంటారా?

కుట్టుమిషన్ (మంగళవారం, పొద్దున్న 8:05)

గురువారమా! వరలక్ష్మీ వ్రతం ముందు రోజు నా షాపు గుమ్మం ఎక్కకు తల్లీ, కాజాలు కుట్టే అమ్మాయి కూడా రెండు రోజులుగా రావట్లేదు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక రా. వచ్చేటప్పుడు ఒంటికి సరిపోయిన జాకెట్టు ఏదైనా ఉంటే కొలతకి తెచ్చుకో, లేకపోతే టేపు పెడతా.